రెయిడ్ కార్డు ఉన్న సర్వర్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్: అయిదు దారుల్లో మీది ఏది?

సర్వర్‌లో డెల్ పెర్క్, హెచ్‌పీ స్మార్ట్ అరే, ఎల్‌ఎస్‌ఐ మెగారెయిడ్ లాంటి రెయిడ్ కార్డు (చాలా డిస్కుల్ని కలిపి ఒకటిగా నడిపే కార్డు) ముందే బిగించి ఉంది. దాని మీద స్టోరేజ్ కోసం ట్రూనాస్ గానీ, వర్చువల్ మెషీన్ల కోసం ప్రాక్స్‌మాక్స్ గానీ, మామూలు లినక్స్ గానీ వేసి జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడాలి. ఇన్‌స్టాలర్ ఏ అడ్డూ చెప్పదు. పూల్ (జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్కుల్ని కలిపి చేసే నిల్వ) తయారవుతుంది, ఫైళ్లు ఎక్కుతాయి, అంతా సవ్యంగానే కనిపిస్తుంది. తేడా బయటపడేది డిస్కు మొరాయించిన రోజున, లేదా కరెంటు ఉన్నట్టుండి పోయినప్పుడు.

డిస్కుల బాధ్యత మొత్తం తనదేననుకుని రాసిన ఫైల్ సిస్టమ్ జెడ్‌ఎఫ్‌ఎస్. సన్ మైక్రోసిస్టమ్స్ 2005లో దాన్ని బయటపెట్టినప్పుడే ఫైల్ సిస్టమ్‌ను, వాల్యూమ్ మేనేజర్‌ను, రెయిడ్‌ను కలిపి ఒకటే చేసింది. రెయిడ్ కార్డు కూడా డిస్కులు తనవేననుకుంటుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. అందుకని ముందు తేల్చుకోవాల్సింది డిస్కుల పెత్తనం ఎవరికివ్వాలన్నది. వేగం సంగతి ఆ తర్వాత.

## ఏ కొలతలతో చూడాలి

పాడైన డేటాను ఎవరు బాగుచేస్తారు? జెడ్‌ఎఫ్‌ఎస్ ప్రతి బ్లాక్‌కూ చెక్‌సమ్ (డేటా మారిందో లేదో తేల్చే చిన్న లెక్క) వేసి, దాన్ని ఆ బ్లాక్ పక్కన కాకుండా పై బ్లాక్‌లోని పాయింటర్‌లో దాస్తుంది. చదివేటప్పుడు లెక్క కుదరకపోతే రెండో కాపీ నుంచో, పారిటీ (పోయిన భాగాన్ని తిరిగి కట్టడానికి దాచే అదనపు లెక్క) నుంచో సరైన డేటా తెచ్చి, పాడైనచోట తిరిగి రాస్తుంది. ఇది జరగాలంటే రెండో కాపీ ఎక్కడుందో దానికి తెలియాలి. కార్డు ఎనిమిది డిస్కుల్ని కలిపి ఒకే పెద్ద డిస్కుగా చూపిస్తే జెడ్‌ఎఫ్‌ఎస్‌కు తప్పు పట్టడం వస్తుంది, దిద్దడం రాదు. కార్డుకేమో తప్పు ఎక్కడుందో తెలియదు. రెయిడ్ 5లో (ఒక డిస్కు పోయినా తట్టుకునే పారిటీ రకంలో) కన్సిస్టెన్సీ చెక్ నడిపినప్పుడు డేటాకూ పారిటీకీ పొంతన లేకపోతే, మామూలుగా కార్డు డేటానే నమ్మి పారిటీని తిరగరాస్తుంది. పాడైంది డేటా అయితే ఆ పాడు శాశ్వతమైనట్టే.

రాశానని చెప్పింది నిజంగా రాసిందా? జెడ్‌ఎఫ్‌ఎస్ రాతల్ని గుంపుగా చేర్చి డిఫాల్ట్‌గా 5 సెకన్లకొకసారి డిస్కుకు పంపుతుంది. ముందు డేటా, తర్వాత ఫ్లష్ (కాష్‌లో ఉన్నదాన్ని డిస్కు మీద రాసెయ్యమనే ఆదేశం), ఆ తర్వాతే పూల్‌కు తలకట్టులాంటి ఊబర్‌బ్లాక్. ఈ వరస తప్పకూడదు. బ్యాటరీ లేని కార్డు రైట్ బ్యాక్ కాష్‌లో (డిస్కుకు చేరకముందే రాశానని చెప్పే తాత్కాలిక మెమరీలో) రాతల్ని పట్టుకుని, ఫ్లష్‌కు "సరే" అని అబద్ధం చెప్పి, క్రమం మార్చి రాస్తుండగా కరెంటు పోతే ఊబర్‌బ్లాక్ చూపించే చోట డేటా ఉండదు. పూల్ ఇంపోర్ట్ కాదు, అంటే తెరుచుకోదు. జెడ్‌ఎఫ్‌ఎస్‌కు ఎఫ్‌ఎస్‌సీకే లాంటి మరమ్మతు సాధనం లేదు. పాత ట్రాన్సాక్షన్‌కు వెనక్కి వెళ్లి ఇంపోర్ట్ చేసే ఆప్షన్ ఒకటుంది కానీ, పోయినవి చివరి రాతలే అయితేనే అది పనికొస్తుంది.

డిస్కు గురించి ఏం కనిపిస్తుంది? స్మార్ట్ రీడింగులు (డిస్కు తన ఆరోగ్యం గురించి చెప్పే లెక్కలు), సీరియల్ నంబర్, అసలు సెక్టార్ సైజు.

కార్డు చచ్చిపోతే? అదే కుటుంబానికి చెందిన కార్డు వెతకాలా, ఏ మెషీన్‌లో పెట్టినా డేటా వస్తుందా?

డిస్కు మార్చేది ఎవరు? కమాండ్ తెలిసిన మనిషా, ఎర్ర లైటు చూసి ట్రే లాగి కొత్తది తోసి వెళ్లిపోయే మనిషా? చాలామంది దీన్ని లెక్కలోకే తీసుకోరు. తర్వాత ఎక్కువ బాధపెట్టేది ఇదే.

సింక్ రాతల (డిస్కుకు చేరాయని ఖాయమయ్యేదాకా ప్రోగ్రాం ఆగే రాతల) వేగం. డేటాబేస్‌లు, ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ ఫైల్ షేరింగ్) మీద నడిచే వర్చువల్ మెషీన్లు ఉంటేనే ఇది ముఖ్యం. సినిమాలు, ఫొటోలు, బ్యాకప్‌లు దాచుకునేవాళ్లు ఈ కొలతను వదిలేయొచ్చు.

కింది పట్టికలో హెచ్‌బీఏ అంటే రెయిడ్ చేయకుండా డిస్కుల్ని నేరుగా అందించే కార్డు. జేబాడ్ అంటే డిస్కుల్ని కలపకుండా విడివిడిగా చూపే మోడ్. రెయిడ్ 0 అంటే అదనపు కాపీ లేని రకం, అరే అంటే కార్డు కలిపిన డిస్కుల గుంపు. ఎక్స్‌ఎఫ్‌ఎస్, ఈఎక్స్‌టీ4 లినక్స్ ఫైల్ సిస్టమ్‌లు.

| దారి | పాడైన డేటా దిద్దుబాటు | కరెంటు పోతే | స్మార్ట్ | కార్డు పోతే | డిస్కు మార్పు |
|---|---|---|---|---|---|
| 1. ఐటీ మోడ్ హెచ్‌బీఏ | పూర్తిగా | భద్రం | నేరుగా | ఏ హెచ్‌బీఏ అయినా చాలు | కమాండ్ కావాలి |
| 2. కార్డులోని హెచ్‌బీఏ లేదా జేబాడ్ మోడ్ | పూర్తిగా | కార్డును బట్టి | సాధారణంగా నేరుగా | చాలావరకు ఏదైనా చాలు | కమాండ్ కావాలి |
| 3. డిస్కుకో రెయిడ్ 0 | ఉంది | కాష్ సెట్టింగ్‌ను బట్టి | చుట్టుదారి | అదే రకం కార్డు ఉండాలి | రెండుచోట్ల పని |
| 4. ఒకే పెద్ద హార్డ్‌వేర్ అరే మీద జెడ్‌ఎఫ్‌ఎస్ | పట్టుకోవడమే | బ్యాటరీని బట్టి | చుట్టుదారి | అదే రకం కార్డు ఉండాలి | ట్రే మారిస్తే చాలు |
| 5. హార్డ్‌వేర్ రెయిడ్ మీద ఎక్స్‌ఎఫ్‌ఎస్ లేదా ఈఎక్స్‌టీ4 | లేదు | బ్యాటరీని బట్టి | చుట్టుదారి | అదే రకం కార్డు ఉండాలి | ట్రే మారిస్తే చాలు |

## 1. ఐటీ మోడ్ హెచ్‌బీఏ

కార్డు మార్చే వీలుంటే ఇక వేరే ఆలోచన అక్కర్లేదు. ఐటీ అంటే ఇనిషియేటర్ టార్గెట్. కార్డు డిస్కుల్ని ఉన్నవి ఉన్నట్టు అందిస్తుంది, తనకంటూ కాష్ ఉండదు. ఐఆర్ అంటే ఇంటిగ్రేటెడ్ రెయిడ్. అదే చిప్, వేరే ఫర్మ్‌వేర్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్).

ఎల్‌ఎస్‌ఐ వాళ్ల మూడు తరాలు ఎక్కువగా దొరుకుతాయి. 9211-8ఐలో ఉండేది సాస్2008 చిప్, పీసీఐఈ (కార్డు స్లాట్) 2.0. 9207-8ఐలో సాస్2308, పీసీఐఈ 3.0. 9300-8ఐలో సాస్3008, 12 గిగాబిట్ పోర్టులు. తిరిగే డిస్కులకు మొదటిది కూడా ఎక్కువే: ఒక్కో డిస్కు సెకనుకు 250 ఎంబీ ఇచ్చినా ఎనిమిదింటికి 2 జీబీ, కార్డు స్లాట్ సామర్థ్యం సుమారు 4 జీబీ. ఎనిమిది సాటా ఎస్‌ఎస్‌డీలు పెడితే మాత్రం అవి 4.4 జీబీ దాకా అడుగుతాయి కాబట్టి తర్వాతి తరానికి వెళ్లండి. సాస్1068ఈ చిప్ ఉన్న పాత కార్డుల జోలికి వెళ్లొద్దు, అవి 2 టీబీ దాటిన డిస్కును పూర్తిగా చూడలేవు.

ఐబీఎం ఎం1015, డెల్ హెచ్200, హెచ్310 కార్డుల్లో ఉండేది ఇదే సాస్2008 చిప్. వాటికి 9211-8ఐ ఐటీ ఫర్మ్‌వేర్ ఎక్కించడం బాగా నలిగిన దారి. హెచ్310 సొంత ఫర్మ్‌వేర్‌లో కార్డు క్యూ లోతు 25 మాత్రమే, ఐటీ ఫర్మ్‌వేర్‌తో అది 600 అవుతుంది. ఎనిమిది డిస్కులు కలిసి 25 అభ్యర్థనలు పంచుకోవడమంటే స్క్రబ్ (పూల్ మొత్తం చదివి చెక్‌సమ్‌లు సరిచూడటం) జరుగుతున్నప్పుడు మిగతా పనులన్నీ నత్తనడక నడుస్తాయి.

ఫ్లాష్ చేసేటప్పుడు, అంటే ఫర్మ్‌వేర్ మార్చేటప్పుడు, వరస ఇది:

1. కార్డు మీది స్టిక్కర్‌లో ఉన్న సాస్ అడ్రస్ (కార్డు గుర్తింపు నంబర్) రాసిపెట్టుకోండి. చెరిపాక అది కార్డులో ఉండదు.
2. డిస్కుల కేబుళ్లన్నీ పీకేయండి. ఇతర ఎల్‌ఎస్‌ఐ కార్డులుంటే తీసేయండి, ఫ్లాష్ సాధనం పొరపాటున వాటిమీదికి వెళ్లగలదు.
3. పాత ఫర్మ్‌వేర్ చెరిపి, రీబూట్ చేయకుండా వెంటనే కొత్తది ఎక్కించండి. ఈ రెండింటి మధ్య కరెంటు పోతే కార్డును తిరిగి లేపడం పెద్ద పని, కనుక యూపీఎస్ మీదే చేయండి.
4. సాస్ అడ్రస్ తిరిగి రాయండి.
5. సాస్2008, సాస్2308లకు వెర్షన్ 20.00.07.00 అని చూపిస్తుందో లేదో చూడండి. 20వ విడతలో మొదట వచ్చిన ఫర్మ్‌వేర్‌కు మంచి పేరు లేదు. చెక్‌సమ్ తప్పులు రప్పించిన చరిత్ర దానిది.

ఆ కార్డు మీది డిస్కు నుంచి బూట్ చేయకపోతే బూట్ రోమ్ ఎక్కించకండి. సర్వర్ స్టార్ట్ అయ్యేటప్పుడు ఆ మేరకు సమయం కలిసొస్తుంది. డెల్ మినీ కార్డులకు మాత్రం మామూలు పద్ధతి పనికిరాదు. స్టోరేజ్ స్లాట్‌లో తెలియని కార్డు కనిపిస్తే సర్వర్ బూట్‌నే ఆపేస్తుంది. వాటికి విడి విధానం ఉంది. హెచ్710 మినీలో బీ0, డీ1 అని రెండు రివిజన్లున్నాయి, ఒకదాని ఫైళ్లు మరోదానికి వాడకూడదు.

కేబుళ్ల దగ్గర ఒక ఉచ్చు ఉంది. కార్డువైపు నాలుగు లేన్ల పెద్ద కనెక్టర్, డిస్కులవైపు నాలుగు సాటా కనెక్టర్లు ఉండే కేబుల్ రెండు రకాలు: ఫార్వర్డ్, రివర్స్. చూడటానికి కవల పిల్లలే. కార్డు నుంచి డిస్కులకు వెళ్లేది ఫార్వర్డ్. రివర్స్ పెడితే ఒక్క డిస్కూ కనిపించదు, కార్డు పోయిందనుకుని జనం దాన్ని మారుస్తుంటారు. ఇంకో సంగతి, సాస్ (సర్వర్ డిస్కుల కనెక్షన్) పోర్టుకు సాటా డిస్కు పెట్టొచ్చు కానీ సాటా పోర్టుకు సాస్ డిస్కు పనిచేయదు. స్టోరేజ్ అరేల నుంచి తీసిన పాత సాస్ డిస్కులు 520 బైట్ల సెక్టార్లతో వస్తే లినక్స్ వాటిని వాడనివ్వదు. ఎస్‌జీ ఫార్మాట్ అనే సాధనంతో 512కు మార్చుకోవాలి, ఒక్కో డిస్కుకు గంటలు పడుతుంది.

వేడి రెండో ఉచ్చు. ఈ కార్డులు సర్వర్ కేసులోని గట్టి గాలిని నమ్ముకుని తయారైనవి. మామూలు డెస్క్‌టాప్ కేసులో పెడితే హీట్‌సింక్ మీద 40 మిల్లీమీటర్ల ఫ్యాన్ బిగించండి. కార్డు వేడెక్కితే లక్షణం ఇలా ఉంటుంది: జెడ్‌పూల్ స్టేటస్ కమాండ్ చూపే పూల్ స్థితిలో చెక్‌సమ్ తప్పులు అన్ని డిస్కుల మీదా దాదాపు సమానంగా పడతాయి. ఒక్క డిస్కు మీదే పడితే ఆ డిస్కునో, దాని కేబుల్‌నో అనుమానించాలి. అన్నిటి మీదా పడితే కార్డు, ర్యామ్, పవర్ సప్లై చూడాలి. డిస్కులు మార్చుకుంటూ పోతే డబ్బు దండగ.

హార్డ్‌వేర్ రెయిడ్ 6 (రెండు డిస్కులు పోయినా తట్టుకునేది) నుంచి వచ్చేవాళ్లకు స్థలం లెక్కలో ఒక షాక్ ఉంటుంది. రెయిడ్-జెడ్2 (జెడ్‌ఎఫ్‌ఎస్ సొంత రెండు పారిటీల రెయిడ్) స్థలాన్ని మూడేసి సెక్టార్ల చొప్పున కేటాయిస్తుంది. 4 కేబీ సెక్టార్ల మీద వర్చువల్ మెషీన్ డిస్కుకు 8 కేబీ బ్లాక్ పెడితే రెండు డేటా, రెండు పారిటీ కలిపి నాలుగు, దాన్ని ఆరుకు పెంచుతుంది. అంటే 8 కేబీ దాచడానికి 24 కేబీ. అదే ఆరు డిస్కుల మీద 16 కేబీ బ్లాక్ అయితే నాలుగు డేటా, రెండు పారిటీ సరిగ్గా ఆరు. అదీ 24 కేబీయే, కానీ రెట్టింపు డేటా. ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.2 నుంచి డిఫాల్ట్ 16 కేబీ కావడం మంచిదే అయింది. అయినా వర్చువల్ మెషీన్లకు మిర్రర్లే (జంట కాపీలే) పెట్టుకోవడం మేలు.

## 2. కార్డులోనే ఉన్న హెచ్‌బీఏ లేదా జేబాడ్ మోడ్

కొత్త తరం కార్డుల్లో ఫ్లాష్ చేయకుండానే మోడ్ మార్చుకోవచ్చు. డెల్ హెచ్330, హెచ్730లకు సెటప్ స్క్రీన్‌లోనే హెచ్‌బీఏ మోడ్ ఉంటుంది. హెచ్‌బీఏ330 పుట్టుకతోనే హెచ్‌బీఏ. మోడ్ మార్చే ముందు ఉన్న వర్చువల్ డిస్కులన్నీ తొలగించాలి. హెచ్‌పీలో పీ410కు ఈ మోడ్ లేనే లేదు. పీ420ఐకి ఉంది కానీ ఆ మోడ్‌లో దాని డిస్కుల నుంచి బూట్ కాదు. బూట్‌కు ఎస్‌డీ కార్డో, మదర్‌బోర్డ్ సాటా పోర్టు మీద చిన్న ఎస్‌ఎస్‌డీయో చూసుకోవాలి. పీ440ఏఆర్‌కు ఆ ఇబ్బంది లేదు. ఎల్‌ఎస్‌ఐ 9361 లాంటి సాస్3108 కార్డుల్లో జేబాడ్ ఉంటుంది.

మోడ్ పేరు చూసి నమ్మేయకండి. ఈ నాలుగూ పరీక్షించాకే డేటా ఎక్కించండి:

- డిస్కుల జాబితాలో మోడల్ దగ్గర డిస్కు తయారీదారు పేరు, మోడల్ కనిపించాలి. పెర్క్ అనో, లాజికల్ వాల్యూమ్ అనో కనిపిస్తే మీరు చూస్తున్నది వర్చువల్ డిస్కు.
- సీరియల్ నంబర్ డిస్కు మీది స్టిక్కర్‌తో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి.
- స్మార్ట్ రీడింగులు చూపే స్మార్ట్‌సీటీఎల్‌కు మెగారెయిడ్ అనో, సీసీఐఎస్‌ఎస్ అనో రకం చెప్పకుండానే రీడింగులు రావాలి.
- ఖాళీ పూల్ ఒకటి చేసి, కొన్ని ఫైళ్లు వేసి, ఎక్స్‌పోర్ట్ చేసి, డిస్కుల్ని వేరే మెషీన్‌లోని మామూలు పోర్టులకు పెట్టండి. అక్కడ ఇంపోర్ట్ అయితే కార్డు నిజంగా పక్కకు తప్పుకున్నట్టే.

మిగిలే తేడా డ్రైవర్‌ది. అసలైన హెచ్‌బీఏ లినక్స్‌లో ఎంపీటీ3సాస్ డ్రైవర్ మీద నడుస్తుంది. మోడ్ మార్చిన పెర్క్, మెగారెయిడ్ కార్డులు మెగారెయిడ్ డ్రైవర్ మీదే నడుస్తాయి. ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఇదే కార్డుల్లో కొన్నిటిని పాత ఎంఎఫ్‌ఐ డ్రైవర్ ముందుగా పట్టేసుకుంటుంది. లోడర్ సెట్టింగ్‌లో ఎంఆర్‌సాస్ డ్రైవర్‌ను ఎనేబుల్ చేసి రీబూట్ చేస్తే డిస్కులు సరిగ్గా వస్తాయి. పూల్ చేయకముందే ఈ పని కానివ్వండి, డ్రైవర్ మారితే డిస్కుల పేర్లూ మారతాయి.

## 3. డిస్కుకో రెయిడ్ 0

హెచ్‌బీఏ మోడ్ లేని కార్డు మీద జనం మొదట చేసే పని ఇదే: ఒక్కో డిస్కుకు ఒక్కో రెయిడ్ 0 వర్చువల్ డిస్కు చేసి, వాటి మీద రెయిడ్-జెడ్ వేయడం. జెడ్‌ఎఫ్‌ఎస్‌కు అన్ని డిస్కులూ విడివిడిగా కనిపిస్తాయి కాబట్టి దిద్దుబాటు పనిచేస్తుంది. ఆ ఒక్క లాభానికి చెల్లించే మూల్యం మాత్రం తక్కువ కాదు.

డిస్కు పోయిన రోజున ఏం జరుగుతుందో చూడండి. పాతది లాగి కొత్తది పెట్టారు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఏమీ కనిపించదు. కార్డు సాధనంలోకి, అంటే స్టోర్‌సీఎల్‌ఐ గానీ పెర్క్‌సీఎల్‌ఐ గానీ ఎస్‌ఎస్‌ఏసీఎల్‌ఐ గానీ తెరిచి చూస్తే కొత్త డిస్కు ఊరికే కూర్చుని ఉంటుంది. అది వేరే సర్వర్‌లో వాడిన డిస్కయితే "ఫారిన్" అని ఉంటుంది, ముందు ఆ ఫారిన్ కాన్ఫిగరేషన్ చెరపాలి. రైట్ బ్యాక్ వాడుతుంటే పాత డిస్కుకు వెళ్లాల్సిన రాతలు కాష్‌లో ఇరుక్కుపోయి, వాటిని వదిలించేదాకా కార్డు కొత్త వర్చువల్ డిస్కు చేయనివ్వదు. అది దాటాక పాత సెట్టింగ్‌లతోనే రెయిడ్ 0 చేయాలి, తర్వాత జెడ్‌పూల్ రీప్లేస్. కార్డు సాధనం ముందే ఇన్‌స్టాల్ చేసుకోకపోతే రీబూట్ చేసి కార్డు స్క్రీన్‌లోకి వెళ్లడమే గతి.

ఒక్క సెక్టార్ చదవలేకపోతే నేరుగా ఉన్న డిస్కు విషయంలో జెడ్‌ఎఫ్‌ఎస్ ఆ ఒక్క బ్లాక్‌నే దిద్దుకుంటుంది. రెయిడ్ కార్డు మాత్రం డిస్కు జవాబు ఆలస్యమైతే మొత్తం వర్చువల్ డిస్కునే ఆఫ్‌లైన్ చేయగలదు. డెస్క్‌టాప్ డిస్కులు చెడ్డ సెక్టార్ దగ్గర నిమిషం పైగా పెనుగులాడగలవు. నాస్ డిస్కులు మామూలుగా 7 సెకన్లకు వదిలేస్తాయి. ఈ దారిలో వెళ్తే డెస్క్‌టాప్ డిస్కులు వాడొద్దు.

సైజు దగ్గర కూడా జాగ్రత్త. కార్డు తన గుర్తుల కోసం డిస్కులో కొంత మింగుతుంది. అందువల్ల హెచ్‌బీఏ మీద తయారైన పూల్‌లోకి అదే మోడల్ డిస్కును రెయిడ్ 0 రూపంలో పెడితే "డిస్కు చిన్నది" అని జెడ్‌ఎఫ్‌ఎస్ తిప్పికొడుతుంది. వర్చువల్ డిస్కు మీది పూల్‌ను హెచ్‌బీఏ మీదికి ఒక్కో డిస్కే మార్చుకుంటూ రావడం మాత్రం కుదురుతుంది, కొత్తది కాస్త పెద్దదే కాబట్టి.

తప్పదనుకుంటే సెట్టింగులు ఇవి: రైట్ త్రూ (డిస్కు మీద రాశాకే సరే అనడం), రీడ్ అహెడ్ (ముందే చదివిపెట్టడం) వద్దు, డైరెక్ట్ ఐఓ (చదివినవి కార్డు కాష్‌లో ఉంచకపోవడం), డిస్కు సొంత కాష్ ఆఫ్. ఆ చివరిది ఎందుకంటే జెడ్‌ఎఫ్‌ఎస్ పంపే ఫ్లష్ కార్డు దగ్గరే ఆగిపోయి డిస్కుదాకా చేరకపోవచ్చు. పూల్ చేసేటప్పుడు యాష్‌షిఫ్ట్ 12 (4 కేబీ సెక్టార్లు) అని మీరే చెప్పండి. కార్డులు తరచూ 512 బైట్ల సెక్టార్ చూపిస్తాయి, యాష్‌షిఫ్ట్ 9తో (512 బైట్లతో) తయారైన విడెవ్‌ను (పూల్‌లోని డిస్కుల గుంపును) తర్వాత మార్చలేరు.

## 4. ఒకే పెద్ద హార్డ్‌వేర్ అరే, పైన జెడ్‌ఎఫ్‌ఎస్

పుస్తకాల ప్రకారం ఇది తప్పు. ప్రాక్స్‌మాక్స్ డాక్యుమెంటేషన్ కూడా సొంత కాష్ ఉన్న రెయిడ్ కార్డు మీద జెడ్‌ఎఫ్‌ఎస్ వద్దనే చెబుతుంది. అయినా కొన్ని చోట్ల మూడో దారి కంటే ఇదే నయం, ఎందుకంటే ఇక్కడ కనీసం పెత్తనం ఎవరిదో స్పష్టంగా ఉంది. డిస్కులు కార్డువి, ఫైళ్లు జెడ్‌ఎఫ్‌ఎస్‌వి.

స్నాప్‌షాట్లు (ఆ క్షణం నాటి కాపీలు), కంప్రెషన్, సెండ్-రిసీవ్ (డేటాను వేరే పూల్‌కు పంపడం) అన్నీ మామూలుగానే పనిచేస్తాయి. నెలకోసారి స్క్రబ్ నడిపితే ఏ ఫైలు పాడైందో పేరుతో సహా చెబుతుంది, బ్యాకప్ నుంచి ఆ ఒక్కటే తెచ్చుకోవచ్చు. మెటాడేటాకు జెడ్‌ఎఫ్‌ఎస్ ఎలాగూ రెండు కాపీలు ఉంచుతుంది కనుక అక్కడి చిన్న దెబ్బల్ని తానే మాన్పుకుంటుంది. ముఖ్యమైన డేటాసెట్ ఒక్కదానికి కాపీస్ 2 అని పెట్టొచ్చు. స్థలం రెట్టింపు పడుతుంది, పైగా అది పెట్టిన తర్వాత రాసిన వాటికే వర్తిస్తుంది.

కింద రెయిడ్ 5 వద్దు. రెయిడ్ 6 గానీ 10 (జంట కాపీల రకం) గానీ పెట్టండి. కాష్‌ను రైట్ బ్యాక్‌లో ఉంచొచ్చు, అయితే బ్యాటరీ పోతే దానంతటదే రైట్ త్రూకు మారే రకం సెట్టింగ్ ఎంచుకోవాలి. "ఎప్పుడూ రైట్ బ్యాక్" అనే ఆప్షన్ బ్యాటరీ చచ్చినా రైట్ బ్యాక్‌లోనే ఉంటుంది, పూల్స్ పోయేది అక్కడే. ప్యాట్రోల్ రీడ్ ఆన్‌లో ఉంచండి. అది చదవలేని సెక్టార్లను ముందే పట్టుకుంటుంది. అది నడిచే సమయం, స్క్రబ్ సమయం ఒకే రాత్రి పడకుండా చూసుకోండి.

డిస్కులు ఎక్కువుంటే రెండు హార్డ్‌వేర్ అరేలు చేసి, వాటిని జెడ్‌ఎఫ్‌ఎస్‌లో మిర్రర్ చేసే పద్ధతి కూడా ఉంది. దిద్దుబాటు తిరిగి వస్తుంది, స్థలం సగానికి పైగా పోతుంది. హార్డ్‌వేర్ అరేల మీద రెయిడ్-జెడ్ వేయడం మాత్రం పారిటీ మీద పారిటీ. చిన్న రాత ఒక్కటి వస్తే కింద రెయిడ్ 5 నాలుగు ఆపరేషన్లు చేస్తుంది, దాని పైన మీరింకో పొర పెడుతున్నారు.

## 5. జెడ్‌ఎఫ్‌ఎస్ మానేయడం

ఇదీ గౌరవప్రదమైన ఎంపికే. సర్వర్‌లో 4 జీబీ ర్యామ్ మాత్రమే ఉంటే, విండోస్ నడవాలంటే, వీఎంవేర్ వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ ఈఎస్‌ఎక్స్‌ఐ లోకల్ డిస్కులకు రక్షణ కావాలంటే హార్డ్‌వేర్ రెయిడే సరి. ఈఎస్‌ఎక్స్‌ఐకి సొంత సాఫ్ట్‌వేర్ రెయిడ్ లేదు. అందులోనే ట్రూనాస్‌ను వర్చువల్ మెషీన్‌గా నడపాలనుకునేవాళ్లు మాత్రం రెండో కార్డుగా హెచ్‌బీఏ పెట్టి, మొత్తం కార్డును ఆ మెషీన్‌కు పాస్‌త్రూ చేయాలి, అంటే నేరుగా అప్పగించాలి. వర్చువల్ డిస్కులు ఇచ్చి సరిపెట్టకూడదు.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ చేసేటప్పుడు స్ట్రిప్ సైజు (కార్డు ఒక్కో డిస్కు మీద వరసగా రాసే ముక్క సైజు), డేటా డిస్కుల సంఖ్య మీరే ఇవ్వాలి. 64 కేబీ స్ట్రిప్‌తో ఎనిమిది డిస్కుల రెయిడ్ 6 అయితే డేటా డిస్కులు ఆరు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ చెక్‌సమ్‌లు మెటాడేటాకే, ఫైళ్ల లోపలి డేటాకు కావు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ (చెక్‌సమ్‌లున్న మరో లినక్స్ ఫైల్ సిస్టమ్) వైపు చూసేవాళ్లకు పైన చెప్పిందంతా వర్తిస్తుంది: కార్డు మీద పెడితే తప్పు పడుతుంది, డేటాను దిద్దలేదు.

## రైట్ కాష్ వదులుకుంటే వేగం పోదా?

రెయిడ్ కార్డును వదలడానికి మనసొప్పని వాళ్ల అసలు కారణం ఇదే. బ్యాటరీ ఉన్న 1 జీబీ కాష్ సింక్ రాతల్ని మెరుపులా చేస్తుంది, అది నిజం. హెచ్‌బీఏ మీద ఆ పని స్లాగ్ డివైజ్ (సింక్ రాతల్ని ముందుగా దాచే వేగమైన డిస్కు) చేస్తుంది. కరెంటు పోయినా లోపలి కెపాసిటర్లతో రాతలు పూర్తిచేసే ఎస్‌ఎస్‌డీ కావాలి. ఆ రక్షణ లేని డెస్క్‌టాప్ ఎస్‌ఎస్‌డీ పెడితే సింక్ రాతలు నెమ్మదిస్తాయి, కొన్ని అయితే ఫ్లష్ విషయంలో అబద్ధమూ ఆడతాయి.

సైజు చిన్నదే చాలు. 10 గిగాబిట్ నెట్‌వర్క్ నిండుగా వచ్చినా సెకనుకు 1.25 జీబీ, 5 సెకన్లకు 6.25 జీబీ. ఒకేసారి రెండు మూడు గుంపులు దారిలో ఉన్నా 20 జీబీ దాటదు. మామూలు ఫైల్ షేరింగ్‌కు స్లాగ్ వల్ల ఏ లాభమూ ఉండదు, ముందు ర్యామ్ పెంచండి.

## ఎవరికి ఏది

సొంత మెషీన్, కేసు తెరవగలిగే చేతులు ఉంటే మొదటి దారి. హెచ్730, పీ440ఏఆర్ లాంటివి ముందే ఉంటే రెండో దారి, ఆ నాలుగు పరీక్షలు గట్టెక్కితే. గట్టెక్కకపోతే మళ్లీ మొదటిదే.

అద్దె సర్వర్‌లో కార్డు మార్చే వీలు లేకపోతే ముందు హెచ్‌బీఏ మోడ్‌కు మార్చమని సపోర్ట్‌ను అడగండి, చాలాచోట్ల మారుస్తారు. కాదంటే, డిస్కు మార్చేది డేటాసెంటర్ సిబ్బంది కనుక నాలుగో దారి. మూడో దారిలో వాళ్లు ట్రే మార్చి వెళ్లిపోయాక మీ పూల్ అలాగే డిగ్రేడెడ్‌గా (ఒక డిస్కు తక్కువగా) ఉండిపోతుంది, మీరు చూసుకునేదాకా.

మూడో దారి ఎవరికి? హెచ్‌బీఏ రావడానికి కొన్ని వారాలు పడుతుంది, ఈలోపు నడవాలి అనేవాళ్లకు. కార్డు వచ్చాక ఒక్కో డిస్కే మార్చుకోవచ్చు. దాన్నే శాశ్వతం చేసుకుని, పైగా రైట్ బ్యాక్ పెట్టుకుని, బ్యాటరీ వయసు చూడనివాళ్లది ఈ జాబితాలో అన్నిటికన్నా ప్రమాదకరమైన స్థితి.

సర్వర్ గురించి ఏమీ తెలియని సిబ్బంది ఉన్న శాఖా కార్యాలయానికి, బ్యాకప్ గట్టిగా ఉంటే, అయిదో దారికి నా ఓటు.

## రెయిడ్ నుంచి హెచ్‌బీఏకి మారేటప్పుడు

హార్డ్‌వేర్ అరే మీది డేటాను హెచ్‌బీఏ చదవలేదు. కాపీ తీసి, కొత్తగా పూల్ చేసి, తిరిగి ఎక్కించడమే మార్గం. ఉన్నది జెడ్‌ఎఫ్‌ఎస్ పూలే అయితే సెండ్-రిసీవ్‌తో వేరే మెషీన్‌కు పంపి, అక్కడ స్క్రబ్ చేసి, తప్పులు సున్నా అని చూశాకే పాత అరే చెరపండి.

కొత్త పూల్‌లో డిస్కుల్ని ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లతో కాకుండా ఐడీ పేర్లతో (మోడల్, సీరియల్ నంబర్ ఉండే పేర్లతో) చేర్చండి. సీరియల్ నంబర్ చివరి నాలుగు అంకెలు కాగితం మీద రాసి ప్రతి ట్రే ముందు అతికించండి. రెయిడ్ కార్డు ఎర్ర లైటు వెలిగించే సౌకర్యం ఇక ఉండదు, సాస్2ఐఆర్‌సీయూ లాంటి సాధనంతో మీరే వెలిగించుకోవాలి. అర్ధరాత్రి తప్పు ట్రే లాగకుండా కాపాడేది ఆ స్టిక్కరే.

బూట్ కూడా జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్ మీద ఉంటే రెండు డిస్కుల్లోనూ ఈఎఫ్‌ఐ పార్టిషన్ (బూట్ ఫైళ్లుండే భాగం) ఉందో లేదో చూడండి. మొదటిది తీసేసి రెండోదానితో ఒకసారి బూట్ చేసి చూస్తేనే ఆ సంగతి తేలుతుంది.

తీసేసిన రెయిడ్ కార్డును వెంటనే అమ్మేయకండి. పాత డిస్కుల్ని చెరపకుండా పక్కన పెట్టి ఉంటే వాటిని తెరిచే తాళంచెవి అదొక్కటే. కొత్త పూల్ మీద మొదటి స్క్రబ్ శుభ్రంగా ముగిసి, బ్యాకప్ నుంచి నాలుగైదు ఫైళ్లు తెచ్చి సరిచూసుకునేదాకా కార్డు, డిస్కులు, ఏ డిస్కు ఏ స్లాట్‌లో ఉండేదో రాసిన కాగితం ఒకేచోట ఉంచండి.